ఎండే కుంట నుండి పంట చేను దాకా: ఆకుపచ్చ శైవలాలు, నేల మొక్కల పుట్టుక

వరి నాటిన కొద్ది రోజులకే మడి నీటిపై పరచుకొనే ఆకుపచ్చని నాచు రైతు దృష్టిలో ఒక కలుపు మాత్రమే. అది లేత మొక్కలను చుట్టుకొని ఒరగదీస్తుంది, నీటిలో కరిగిన పోషకాలను పంచుకొంటుంది. మడిలో నీటిని తీసివేసి ఆరగట్టడం, నీరు పారే చోట మైలుతుత్తం మూట ఉంచడం రైతులకు చిరకాలంగా తెలిసిన ఉపాయాలు. అయితే ఆరగట్టిన మడికి తిరిగి నీరు పెట్టగానే నాచు మళ్లీ కనిపించడం కూడా అంతే పరిచితమైన విషయం. తడి ఆరిపోయినప్పుడు ప్రాణం నిలుపుకొని, తడి తగలగానే తిరిగి పెరిగే ఈ గుణం నాచుకు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం వెదికితే, ఆ నాచు చుట్టుకొన్న వరి మొక్క పుట్టుపూర్వోత్తరాలే బయటపడతాయి. భూమిపై పెరిగే సమస్త వృక్షజాతులు, నాచు మొక్కల నుండి మర్రి వరకు, వరి నుండి వేరుశనగ వరకు, మంచినీటి ఆకుపచ్చ శైవలాలలోని ఒకే ఒక శాఖ నుండి ఉద్భవించాయి. బెట్టను తట్టుకొనేందుకు మన పైర్లు వాడే సాధనాలలో అనేకం, అవి నేలను చేరక మునుపే, ఎండుతూ నిండుతూ ఉండే నీటి అంచులలో రూపుదిద్దుకొన్నాయి. ఈ నిర్ణయానికి శాస్త్రజ్ఞులు ఎలా చేరుకొన్నారు, వ్యవసాయ పరిశోధనకు దీనితో గల సంబంధం ఏమిటి అన్నది ఈ వ్యాసంలోని విషయం.

ఒకే రంగు, రెండు వంశాలు

వాడుకలో నాచు, పాచి, పాకుడు అనే మాటలు చాలా భిన్నమైన జీవులకు వర్తిస్తున్నాయి. వరి పొలాలలో నత్రజనిని స్థిరీకరించే నాస్టాక్, అనబీనా వంటి నీలి ఆకుపచ్చ శైవలాలు నిజానికి బాక్టీరియా వర్గానికి చెందినవి. వాటి కణాలలో కేంద్రకం ఉండదు. నిజమైన ఆకుపచ్చ శైవలాల కణాలలో కేంద్రకం, హరితరేణువులు ఉంటాయి. క్లోరోఫిల్-ఎ, క్లోరోఫిల్-బి రెండూ ఉండటం, పిండి పదార్థాన్ని హరితరేణువులోనే నిల్వ చేసుకోవడం వీటి ముఖ్య లక్షణాలు. పంట మొక్కలలోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక ఆకుపచ్చ శైవలాలకు, నేల మొక్కలకు బంధుత్వం ఉన్నదన్న సంగతి పందొమ్మిదవ శతాబ్దం నుండే శాస్త్రజ్ఞులకు తెలుసు. వేల సంఖ్యలో ఉన్న శైవలాలలో ఆ బంధువు ఏదన్నదే తేలవలసిన విషయం.

నేటి అవగాహన ప్రకారం ఆకుపచ్చ జీవులన్నీ రెండు వంశాలుగా చీలాయి. మొదటిది క్లోరోఫైటా. క్లోరెల్లా, క్లామిడోమోనాస్, వాల్వాక్స్, సముద్ర తీరాలలో ఆకులవలె పెరిగే అల్వా ఈ వంశానివి. రెండవది స్ట్రెప్టోఫైటా. స్పైరోగైరా, కారా, కోలియోకీట్, క్లెబ్సార్మీడియం వంటి శైవలాలతో పాటు సమస్త నేల మొక్కలు ఈ వంశంలో చేరతాయి. ఉత్తర చైనాలో లభించి 2020లో వెల్లడైన ప్రోటెరోక్లాడస్ శిలాజాలను క్లోరోఫైటా వంశానికి చెందిన సుమారు 100 కోట్ల సంవత్సరాల నాటి బహుకణ శైవలంగా గుర్తించారు. ఆ లెక్కన రెండు వంశాల చీలిక అంతకు పూర్వమే జరిగి ఉండాలి.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. పరిమాణంలో పెద్దవైన ఆకుపచ్చ శైవలాలు అనేకం సముద్రంలో పెరిగే క్లోరోఫైటా వంశానివి. స్ట్రెప్టోఫైటా శైవలాలు దాదాపుగా అన్నీ మంచినీటిలోనో, తడి నేలపైనో జీవిస్తాయి. కనుక మొక్కలు సముద్రపు ఒడ్డు నుండి నేరుగా నేలకెక్కాయన్న సామాన్య భావన సరికాదు. చెరువులు, వాగులు, వాన నీటి గుంటలు, తడి మట్టి పైపొరలు వాటి మార్గం.

ఫ్రిట్షియెల్లా: దక్షిణ భారతం అందించిన ఆధారం

ఈ అన్వేషణలో మన ప్రాంతపు శైవలమొకటి కొంతకాలం ముఖ్యపాత్ర వహించింది. భారత శైవలశాస్త్ర పితామహుడుగా పేరొందిన మద్రాసు విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎం.ఓ.పి. అయ్యంగార్ (1886-1963), తడి ఆరుతున్న నేలపై పెరిగే ఒక కొత్త శైవలాన్ని 1932లో న్యూ ఫైటాలజిస్ట్ పత్రికలో వర్ణించారు. లండన్‌లో తాను పరిశోధన చేసిన కాలంలో మార్గదర్శి అయిన శైవలశాస్త్రజ్ఞుడు ఎఫ్.ఇ. ఫ్రిట్ష్ గౌరవార్థం దానికి ఫ్రిట్షియెల్లా ట్యూబరోసా అని నామకరణం చేశారు.

ఫ్రిట్షియెల్లా నిర్మాణం ఆనాటి శాస్త్రజ్ఞులను ఆకర్షించడానికి కారణాలున్నాయి. దాని దేహం రెండు భాగాలుగా ఉంటుంది. మట్టిలో అడ్డంగా పాకే భాగంలో ఆహారం నిల్వ చేసుకొన్న ఉబ్బిన కణ సముదాయాలు ఉంటాయి. వాటి నుండి వేరువంటి మూలతంతువులు క్రిందికి పెరుగుతాయి. నిలువు భాగం మట్టిని చీల్చుకొని పైకి వచ్చి కొమ్మలు వేస్తుంది. నీటి గుంట ఎండినప్పుడు పై భాగం నశించినా, మట్టిలోని దుంపవంటి భాగం జీవించి ఉండి వాన పడగానే తిరిగి మొలకెత్తుతుంది. వేరు, కాండం అన్న విభజనకు ఇది తొలి రూపమా అన్న ఆలోచన సహజంగానే తలెత్తింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఎన్. సింగ్ 1941లో దీని జీవిత చరిత్రను, ఆవాస పరిస్థితులను వివరంగా ప్రకటించారు. ఇటువంటి పాకే భాగం, నిలువు భాగం గల శైవలాల నుండే నేల మొక్కలు ఉద్భవించి ఉంటాయని 1940లలో ఫ్రిట్ష్ వాదించారు. ఈ వాదన అనేక దశాబ్దాలపాటు వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాలలో నిలిచింది.

కణ విభజన ఇచ్చిన సాక్ష్యం

ఈ ప్రతిపాదనను పరీక్షకు నిలిపింది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. 1960ల చివర, 1970ల ఆరంభంలో జెరెమీ పికెట్-హీప్స్ తదితరులు శైవలాల కణ విభజనను అత్యంత సూక్ష్మస్థాయిలో పరిశీలించి, ఒకే విధంగా కనిపించే శైవలాలలో కణాలు రెండు వేర్వేరు పద్ధతులలో చీలుతున్నాయని గుర్తించారు.

నేల మొక్కలలో కేంద్రకం విభజన చెందిన తరువాత రెండు పిల్ల కేంద్రకాలు దూరంగానే నిలుస్తాయి. వాటి నడుమ సూక్ష్మనాళికలు విభజన తలానికి లంబంగా బారులు తీరి ఉంటాయి. ఆ బారుల వెంట చిన్న తిత్తులు చేరి, కణఫలకం మధ్య నుండి అంచులవైపు విస్తరించి కొత్త గోడగా మారుతుంది. ఈ ఏర్పాటును ఫ్రాగ్మోప్లాస్ట్ అంటారు. క్లోరోఫైటా వంశంలోని అనేక శైవలాలలో ఇందుకు భిన్నంగా పిల్ల కేంద్రకాలు దగ్గరకు జరుగుతాయి. సూక్ష్మనాళికలు విభజన తలానికి సమాంతరంగా అమరుతాయి. దీనిని ఫైకోప్లాస్ట్ అంటారు. కారా, కోలియోకీట్ శైవలాలలో నేల మొక్కలవలె ఫ్రాగ్మోప్లాస్ట్ కనిపించింది. స్పైరోగైరాలో గోడ అంచుల నుండి లోనికి పెరిగినా, చివరి దశలో చిన్న ఫ్రాగ్మోప్లాస్ట్ ఏర్పడుతుంది.

ఫ్రిట్షియెల్లా చేరిన కీటోఫోరేలిస్ క్రమంలో కణఫలకం ఏర్పడుతుంది, పక్క కణాలను కలిపే ప్లాస్మోడెస్మాలు సైతం ఉంటాయి. కాని సూక్ష్మనాళికల అమరిక ఫైకోప్లాస్ట్ రీతిలోనే ఉన్నది. 1975లో మైకేల్ మెల్కోనియన్ ఫ్రిట్షియెల్లా చలన సిద్ధబీజాలలో కశాభాల మూలనిర్మాణాన్ని పరిశీలించగా అది కూడా క్లోరోఫైటా పద్ధతికే సరిపోయింది. జీవరసాయన సాక్ష్యం సైతం ఇదే విభజనను బలపరచింది. కాంతి శ్వాసక్రియలో ఏర్పడే గ్లైకోలేట్‌ను స్ట్రెప్టోఫైటా వంశం పెరాక్సిసోమ్‌లలో గ్లైకోలేట్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌తో మార్పు చేస్తుంది. క్లోరోఫైటా వంశంలో అత్యధికం మైటోకాండ్రియాలోని వేరొక ఎంజైమ్‌ను వాడతాయి.

ఆ విధంగా ఫ్రిట్షియెల్లా నేల మొక్కల పూర్వీకుల స్థానం నుండి తొలగింది. అయితే దాని విలువ తగ్గలేదు. ఎండే నేలపై జీవించవలసిన అవసరం ఏర్పడినప్పుడు దూరపు వంశాలు కూడా ఒకే పరిష్కారాన్ని స్వతంత్రంగా చేరుకోగలవని అది నిరూపించింది. బాహ్య రూపాన్ని బట్టి బంధుత్వం నిర్ణయించరాదన్న పాఠం దీనికన్న స్పష్టంగా బోధించే ఉదాహరణ అరుదు.

దగ్గరి బంధువు ఏది?

స్ట్రెప్టోఫైటా వంశంలో శైవలాలను ఆరు ప్రధాన సమూహాలుగా గుర్తించారు. మీసోస్టిగ్మా, క్లోరోకైబస్, క్లెబ్సార్మీడియం సమూహాలు ముందుగా చీలినవి. కారా, కోలియోకీట్, స్పైరోగైరాల సమూహాలు నేల మొక్కలకు చేరువైనవి. ఈ మూడింటిలో మిక్కిలి దగ్గరిది ఏదన్న విషయమై దీర్ఘకాలం చర్చ సాగింది.

కారాలో కణుపులు, కణుపు మధ్యమాలు, వలయాలుగా అమరిన కొమ్మలు ఉండి చూపులకు చిన్న నీటి మొక్కను పోలి ఉంటుంది. స్త్రీ బీజాన్ని రక్షక కణాలు చుట్టి ఉంచుతాయి. కోలియోకీట్‌లో ఫలదీకరణానంతరం సంయుక్తబీజం తల్లి దేహంపైనే నిలిచి పోషణ పొందుతుంది. ఈ రెండూ నేల మొక్కల లక్షణాలకు సన్నిహితంగా తోస్తాయి. 2001లో సైన్స్ పత్రికలో కెనెత్ కేరల్, సహ పరిశోధకులు నాలుగు జన్యువుల ఆధారంగా కారా సమూహాన్నే దగ్గరి బంధువుగా ప్రకటించారు.

ఆ తరువాత జన్యు సమాచారం విస్తరించిన కొద్దీ తీర్పు మారింది. 2014లో వందలాది జన్యువులను పోల్చిన అధ్యయనం, 2019లో వెయ్యికి పైగా మొక్కజాతుల జన్యు వ్యక్తీకరణ సమాచారంతో జరిగిన అధ్యయనం, స్పైరోగైరా, జిగ్నీమా, క్లోస్టీరియం, కాస్మేరియంలతో కూడిన జిగ్నిమటోఫైసీ సమూహమే నేల మొక్కలకు అత్యంత సన్నిహితమని సూచించాయి. నేడు ఈ అభిప్రాయమే బలంగా నిలిచి ఉన్నది.

ఇది ఆశ్చర్యం కలిగించే ఫలితం. ఈ శైవలాలు కొన్ని ఏకకణ జీవులు, మరికొన్ని కొమ్మలు లేని సన్నని తంతువులు. వీటిలో కశాభాలు గల కణమే ఉండదు; రెండు కణాల పదార్థం ఏకమయ్యే సంయుగ్మం ద్వారా లైంగిక ప్రత్యుత్పత్తి జరుగుతుంది. నేల మొక్కలకు, వీటికి ఉమ్మడి పూర్వీకుడు వీటికన్న క్లిష్టమైన నిర్మాణం గలదై ఉండి, అనంతరం ఈ శాఖ తన నిర్మాణాన్ని సరళం చేసుకొన్నదని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వరి మడిలో జారుడు దారాలవలె చేతికి తగిలే స్పైరోగైరా వరికి అంతటి దగ్గరి చుట్టమన్న సంగతిని రూపం చూసి ఊహించడం సాధ్యమయ్యేది కాదు.

నీటి అంచున సిద్ధమైన సాధనాలు

బంధుత్వం తేలిన తరువాత పరిశోధకుల దృష్టి జీనోమ్‌ల వైపు మళ్లింది. 2014లో క్లెబ్సార్మీడియం, 2018లో కారా బ్రౌనై, 2019లో స్పైరోగ్లియా, మీసోటీనియం, 2024లో జిగ్నీమా జీనోమ్‌ల వివరాలు వెలువడ్డాయి. నేల మొక్కలకే పరిమితమని భావించిన జన్యువులు అనేకం ఈ శైవలాలలో కనిపించాయి. వాటిలో వ్యవసాయానికి సంబంధించినవి నాలుగింటిని ఇక్కడ పరిశీలించవచ్చు.

మొదటిది, రక్షణ కవచం. పుప్పొడి రేణువులను, సిద్ధబీజాలను ఎండ నుండి, ఎండిపోవడం నుండి కాపాడే స్పోరోపొలెనిన్ జీవులు తయారుచేసే పదార్థాలలో అత్యంత దృఢమైన వాటిలో ఒకటి. ఇటువంటి పదార్థం కారా, కోలియోకీట్, జిగ్నిమటోఫైసీ శైవలాల సంయుక్తబీజపు గోడలలో ఉన్నది. నేల మొక్కలు దానిని సిద్ధబీజాల గోడకు తరలించుకొన్నాయి. జిగ్నీమా తంతువులలో ముదిరిన కణాలు గోడను దళసరి చేసుకొని, ఆహార నిల్వలు పెంచుకొని ఎండను ఎదుర్కొంటాయి. నారుమడిలో మొక్కలను క్రమంగా బెట్టకు అలవాటు చేసే పద్ధతి ఈ సందర్భంలో స్ఫురిస్తుంది.

రెండవది, బెట్ట సంకేతం. నేలలో తేమ తగ్గినప్పుడు పైరులో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. అది గ్రాహక ప్రోటీన్లతో కలిసినప్పుడు ఆ జంట ఒక ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ను అణచివేస్తుంది. ఫలితంగా కొన్ని కైనేజ్‌లు చైతన్యం పొంది పత్రరంధ్రాలు మూసుకొంటాయి, రక్షక జన్యువులు పనిలోకి దిగుతాయి. ఈ గ్రాహకానికి సంబంధించిన జన్యువు జిగ్నీమాలో ఉన్నది. అయితే 2019లో ప్రకటించిన ప్రయోగాల ప్రకారం శైవలంలోని గ్రాహకం హార్మోన్ లేకుండానే ఫాస్ఫటేజ్‌ను అణచగలదు. హార్మోన్ కలిపినా దాని పని మారదు. పనిముట్టు ముందు ఏర్పడి, దానిని హార్మోన్ ఆజ్ఞకు లోబరిచే ఏర్పాటు నేల మొక్కలలో తరువాత వచ్చిందన్న మాట.

మూడవది, నేల బాక్టీరియా నుండి వచ్చిన జన్యువులు. పై గ్రాహక జన్యువులు, గ్రాస్ అనే పేరు గల మరొక జన్యు కుటుంబం (గడ్డి జాతులతో ఈ పేరుకు సంబంధం లేదు) ఒకప్పుడు నేల బాక్టీరియా నుండి శైవల పూర్వీకులకు సంక్రమించాయని 2019లో స్పైరోగ్లియా జీనోమ్‌ను వెల్లడించిన పరిశోధకులు ప్రతిపాదించారు. హరిత విప్లవానికి ఆధారమైన పొట్టి గోధుమ రకాలలో, నోరిన్ 10 రకం నుండి సంక్రమించిన జన్యువులు డెల్లా ప్రోటీన్ల నిర్మాణాన్ని నిర్దేశిస్తాయని 1999లో తేలింది. ఆ డెల్లా ప్రోటీన్లు ఈ గ్రాస్ కుటుంబానివే. డెల్లా రూపం నేల మొక్కలలో ఏర్పడినదే అయినా, దాని కుటుంబ మూలం శైవలాలలో ఉన్నది.

నాలుగవది, సూక్ష్మజీవులతో సహజీవనం. స్కాట్లండ్‌లోని రైనీ వద్ద దొరికిన, 40 కోట్ల సంవత్సరాలకు పైబడిన శిలాజ మొక్కలలో, నేటి మైకోరైజా శిలీంధ్రాలు ఏర్పరచే చెట్టు ఆకారపు నిర్మాణాలవంటివి కనిపించాయి. వేరు ఇంకా రూపొందని కాలంలోనే శిలీంధ్రం మొక్కకు తోడుగా ఉన్నదన్న మాట. శిలీంధ్ర సంకేతాన్ని గ్రహించి స్పందించే జన్యు వ్యవస్థలో కొంత భాగం స్ట్రెప్టోఫైటా శైవలాలలోనే ఉన్నదని 2015లో ఒక అంతర్జాతీయ బృందం చూపింది. వేరుశనగ, కంది, పెసర వేర్లపై బుడిపెలు ఏర్పడటానికి పప్పుజాతి మొక్కలు ఈ ప్రాచీన వ్యవస్థనే ఆధారం చేసుకొన్నాయి.

వారసత్వంలో లాభంతో పాటు నష్టం కూడా ఉన్నది. గ్లైకోలేట్ ఆక్సిడేజ్‌తో సాగే కాంతి శ్వాసక్రియ మార్గం వరి వంటి పైర్లకు శైవలాల నుండే సంక్రమించింది. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఈ మార్గంలో స్థిరీకరించిన కర్బనం మరింత నష్టపోతుంది.

నేలపై కొత్తగా వచ్చినవి

ఇంతమాత్రాన సమస్తం శైవలాలలోనే సిద్ధమైనదని భావించరాదు. స్ట్రెప్టోఫైటా శైవలాల జీవితచక్రంలో ద్వయస్థితిక దశ సంయుక్తబీజం ఒక్కటే. అది మొలకెత్తేటప్పుడు క్షయకరణ విభజన జరిగి తిరిగి ఏకస్థితిక దశ మొదలవుతుంది. నేల మొక్కలలో సంయుక్తబీజం వెంటనే క్షయకరణ విభజనకు లోనుకాక, సమ విభజనలతో తల్లి దేహంలోనే పిండంగా పెరుగుతుంది. ఈ వాయిదా వల్ల సిద్ధబీజదం అనే కొత్త దేహం ఏర్పడింది. శైవలపు సంయుక్తబీజం నుండి సిద్ధబీజదం కొత్తగా చొప్పించబడిన దశ అని ఫ్రెడరిక్ బోవర్ 1890లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని నేటి ఆధారాలు ప్రధానంగా బలపరుస్తున్నాయి.

మనం పొలంలో చూసే వరి దుబ్బు, జొన్న కంకి, మామిడి చెట్టు అన్నీ సిద్ధబీజదాలే. పూర్వపు శైవల దేహానికి సమానమైన ఏకస్థితిక దశ వరిలో మూడు కణాల పుప్పొడి రేణువుగా, ఏడు కణాల పిండకోశంగా కుదించుకుపోయింది. పత్రరంధ్రాలు, నాళికా కణజాలం, గింజ ఈ కొత్త దేహంపై వచ్చిన నిర్మాణాలు. నేల మొక్కలవిగా భావించే తొలి సిద్ధబీజాల శిలాజాలు సుమారు 47 కోట్ల సంవత్సరాల నాటివి. అవి అర్జెంటీనాలో లభించాయి. ఆ తరువాత భూతలం రూపురేఖలే మారిపోయాయి.

వ్యవసాయ పరిశోధనకు, బోధనకు సూచనలు

ఈ చరిత్ర నుండి మూడు విషయాలు గ్రహించదగినవి. మొదటిది, బెట్టను తట్టుకొనే శక్తి పైరుకు బయట నుండి తగిలించవలసిన గుణమని తరచుగా భావిస్తాం. ఆ శక్తికి కావలసిన ప్రాథమిక సామగ్రి ప్రతి పైరులోను ఉన్నది. గింజ ఎండి కూడా సజీవంగా ఉండటం, పుప్పొడి గాలిలో ప్రయాణించగలగడం అందుకు నిదర్శనాలు. ఆ సామగ్రి ఆకులో, వేరులో ఎప్పుడు, ఎంతమేరకు పనిలోకి దిగుతున్నదన్నదే ప్రజనన శాస్త్రజ్ఞులు తేల్చవలసిన ప్రశ్న. ఒకే పనికి పైరులో అనేక నకలు జన్యువులుండగా, శైవలాలలో అవి తక్కువ సంఖ్యలో ఉండటం వల్ల జన్యువు అసలు పనిని గుర్తించడానికి శైవలాలు అనుకూలమైన సాధనాలు కాగలవు.

రెండవది, బోధనకు సంబంధించినది. ఫ్రిట్షియెల్లాను డిగ్రీ విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. దాని నిర్మాణంతో పాటు, అది పూర్వీకుల స్థానాన్ని ఎందుకు పొందింది, ఏ సాక్ష్యంతో కోల్పోయింది అన్న చరిత్రను కూడా బోధిస్తే, శాస్త్రం సాక్ష్యాన్ని తూచే తీరు విద్యార్థికి బోధపడుతుంది. స్పైరోగైరా, కారా సేకరించడానికి ఏ కళాశాలా దూరం వెళ్లవలసిన పనిలేదు.

మూడవది, ఆవాసాల సంరక్షణ. వేసవిలో ఎండి తొలకరికి నిండే కుంటలు, వాగు మడుగులు, చెరువు శిఖం భూములు ఈ శైవలాల సహజ నివాసాలు. కారా విత్తనసమానమైన బీజాలు మట్టిలో సంవత్సరాల తరబడి జీవించి ఉండగలవు. కాని కుంటను పూడ్చివేస్తే అవి మొలకెత్తే అవకాశమే ఉండదు. భాస్వరం అధికంగా చేరి మురికిపడిన నీటిలో కారా జాతులు క్షీణిస్తాయని అనేక దేశాల అనుభవం. పంటల వన్య బంధువులను జన్యు నిధులలో భద్రపరచడం పరిశోధనా సంస్థలకు అలవాటైన కార్యక్రమమే. అంతకన్న ప్రాచీనమైన ఈ బంధువులను సేకరించి, శుద్ధ వర్ధనాలుగా నిలిపి ఉంచడం మెట్ట ప్రాంత పరిశోధనా కేంద్రాలు తక్కువ వ్యయంతో చేపట్టగల పని. ఎండటాన్ని, తిరిగి చిగురించడాన్ని ప్రతి ఏటా అనుభవిస్తున్న మన కుంటలలోని జాతులు ఈ అధ్యయనానికి ఎంతో అనువైనవి.

మడిలో నాచును అదుపు చేయడం రైతుకు అవసరమే. ఆ సిఫారసులలో మార్పు అవసరం లేదు. ఆ నాచును పారవేసే ముందు ఒక చెంచాడు ప్రయోగశాలకు చేర్చడం మాత్రం పరిశోధకుని బాధ్యత.